అక్షరదోషం చూస్తే చిరాకు: స్వభావమా, అలవాటా?

మీరు మూడు సంగతులు అడిగారు. వాట్సాప్‌లో ‘శుబాకాంక్షలు’, ‘ధన్యవాధాలు’ లాంటివి కనబడితే రోజంతా మనసు పాడవుతోందనీ, ఆన్‌లైన్ పరీక్షలో మీకు వచ్చిన నాలుగక్షరాల వ్యక్తిత్వ రకమే దీనికి కారణమా అనీ మొదట అడిగారు. బంధువుల గ్రూపులో మీ మేనత్త పెట్టిన సందేశాన్ని అందరి ముందూ సరిదిద్దారు, అప్పటి నుంచి ఆవిడ రాయడం మానేశారు, ఇప్పుడేం చేయాలన్నది రెండోది. ఈ చూపు ఎక్కడైనా పనికొస్తుందా అన్నది మూడోది. నా ఉద్యోగ జీవితం చాలావరకు పత్రికల డెస్కుల్లో, ప్రచురణ సంస్థల్లో ప్రూఫులు దిద్దుతూనే గడిచింది. మనస్తత్వ శాస్త్రం మాత్రం ఆసక్తి కొద్దీ చదువుకున్నదే. ఆ మేరకు చెబుతాను.

ముందు ఆ నాలుగక్షరాల సంగతి. అవి మయర్స్-బ్రిగ్స్ అనే వ్యక్తిత్వ పరీక్ష నుంచి వచ్చినవి. ఆ పద్ధతిని తయారుచేసింది కేథరిన్ బ్రిగ్స్, ఇసాబెల్ మయర్స్ అనే అమెరికన్ తల్లీకూతుళ్లు. ఇద్దరూ మనస్తత్వ శాస్త్రంలో శిక్షణ పొందినవారు కారు. 1921లో స్విట్జర్లాండ్ మనోవైద్యుడు కార్ల్ యుంగ్ ప్రతిపాదించిన వ్యక్తిత్వ రకాలను తీసుకుని, తమ పరిశీలన జోడించి, మనుషులందర్నీ పదహారు గళ్లలో సర్దారు. చిక్కంతా ఆ గళ్లతోనే. మనుషుల ఎత్తు కొలిచి, ఐదడుగుల ఐదంగుళాల దగ్గర గీత గీసి, పైనున్నవారంతా పొడుగు రకం, కిందున్నవారంతా పొట్టి రకం అన్నట్టు ఉంటుంది ఆ విభజన. నిజానికి ఎక్కువమంది ఆ గీతకు అటో ఇటో దగ్గర్లోనే ఉంటారు. అందుకే అదే పరీక్షను కొన్ని వారాలు ఆగి మళ్లీ రాస్తే చాలామందికి ఒకటో రెండో అక్షరాలు మారిపోతాయి. మీకు చివర ‘జె’ (అన్నీ పద్ధతిగా ఉండాలనుకునే రకమని) వచ్చింది కాబట్టే ఒత్తులు గుచ్చుకుంటున్నాయని చెప్పడానికి ఆధారం లేదు. సరదాకు రాసుకోండి, పెళ్లిచూపుల్లో మాత్రం అడగకండి.

పరిశోధకులు ఎక్కువగా వాడేది ‘బిగ్ ఫైవ్’ అనే కొలత. అందులో గళ్లు ఉండవు. బహిర్ముఖత, కలుపుగోలుతనం, పనిలో పద్ధతి, కొత్తదనం పట్ల ఆసక్తి, కలతపడే స్వభావం అనే ఐదు గుణాలు ఒక్కొక్కరిలో ఎంతెంత ఉన్నాయో చూస్తారు. మీరడిగిన ప్రశ్ననే ఈ కొలతతో పరీక్షించిన పరిశోధన ఒకటి ఉంది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జూలీ బోలండ్, రాబిన్ క్వీన్ చేశారు. 2016లో ‘ప్లోస్ వన్’ పత్రికలో వచ్చింది. ఇల్లు పంచుకుని ఉండటానికి మనిషి కావాలన్న ప్రకటనకు జవాబుగా వచ్చినట్టు కొన్ని ఈమెయిళ్లు తయారుచేసి 83 మందికి చదవడానికి ఇచ్చారు. కొన్నిటిలో తప్పుల్లేవు. కొన్నిటిలో వేలు జారి అక్షరాలు తారుమారైన తప్పులు. కొన్నిటిలో ఇంగ్లీషు రాసేవాళ్లు సాధారణంగా పొరబడే ‘యువర్’, ‘యూ ఆర్’ లాంటి వ్యాకరణ దోషాలు. ఈ ఉత్తరం రాసినవాడితో కలిసి ఉండగలరా, వాడు మంచివాడిలా అనిపిస్తున్నాడా అని అడిగి, ఆ తర్వాత చదివినవారి స్వభావాన్ని కొలిచారు.

బహిర్ముఖులు రెండు రకాల తప్పుల్నీ పెద్దగా పట్టించుకోలేదు. అంతర్ముఖులు మాత్రం తప్పులు రాసినవారికి తక్కువ మార్కులు వేశారు. పనిలో పద్ధతి ఎక్కువగా ఉండి కొత్తదనం మీద ఆసక్తి తక్కువగా ఉన్నవారికి వేలి జారుడు తప్పులు ఎక్కువ గుచ్చుకున్నాయి. కలుపుగోలుతనం తక్కువగా ఉన్నవారికి వ్యాకరణ దోషాలు ఎక్కువ చిరాకు తెప్పించాయి. అందరూ ముందుగా ఊహించేది కలతపడే స్వభావాన్ని. దాని ప్రభావం మాత్రం కనబడలేదు. అంటే తప్పు చూసి విసుక్కునేవాళ్లంతా నరాల బలహీనత ఉన్నవాళ్లన్న మాట నిలవదు.

దీన్ని పట్టుకుని ‘నేను కలుపుగోలు మనిషిని కాను’ అని తీర్పు రాసుకోకండి. 83 మంది అంటే చిన్న గుంపు. వాళ్లు చదివింది ముక్కూ మొహం తెలియనివాడి ఇంగ్లీషు ఉత్తరం. మీరు చదివేది మీ మేనత్త రాసిన తెలుగు. పైగా అక్కడ కనబడింది సగటు మొగ్గు మాత్రమే. ఒక మనిషి జాతకం అందులోంచి తీయలేం.

నా అనుభవంలో తేలిన అసలు సంగతి వేరు. తప్పు కనబడటం, కనబడ్డాక బాధపడటం, బాధపడ్డాక దిద్దడం అనే మూడు పనుల్ని మనం ఒకటిగా చూస్తున్నాం. మీ ప్రశ్నలోనూ అవి కలిసిపోయాయి. నేను చూసిన ప్రూఫ్‌రీడర్లలో అందరికంటే నిశితంగా తప్పులు పట్టిన మనిషి మహా నెమ్మదస్థుడు. ఎర్ర సిరాతో గుర్తు పెట్టి, ఏమీ జరగనట్టు తర్వాతి పంక్తికి వెళ్లిపోయేవాడు. రచయితల మీద ఒక్క మాట విసిరేవాడు కాదు. అదే గదిలో మరొకాయన ఉండేవాడు. ఒక్క ఒత్తు తప్పితే తెలుగు జాతి పతనం గురించి ఉపన్యాసం మొదలుపెట్టేవాడు. ఆ ఉపన్యాసం సాగుతుండగా ఆయన ముందున్న పేజీలో శీర్షికే తప్పుగా వెళ్లిపోయేది. కోపానికీ చూపుకీ సంబంధం ఉందని నేనెన్నడూ నమ్మకపోవడానికి వాళ్లిద్దరే కారణం.

తప్పు కనబడటమన్నది అలవాటు వల్ల వచ్చేది. మామూలుగా చదివేటప్పుడు మనం అక్షరం అక్షరం చదవం. మాటలోని అక్షరాల్ని దాదాపు ఒకేసారి గ్రహించి, వచ్చే మాట ఏమై ఉంటుందో ముందే ఊహించుకుంటూ పోతాం. అందుకే ‘తెలుగు’ అనాల్సిన చోట ‘తెగులు’ అని పడినా చాలామంది గమనించరు. మనం రాసుకున్నది మనకు అసలే కనబడదు, ఏం రాయదలిచామో తెలుసు కాబట్టి ఊహే ముందు చదివేస్తుంది. ప్రూఫ్‌రీడింగ్ అంటే ఆ ఊహను బలవంతంగా ఆపడం. వెనకటి ప్రెస్సుల్లో ఒకరు రాతప్రతి పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫు మీద వేలు పెట్టి దిద్దేవారు. పేర్లు, అంకెలు విడిగా సరిచూసేవారు. శీర్షికల్ని చివర్లో మరోసారి చూడటం డెస్కులో నియమం, ఎందుకంటే అందరూ పెద్దక్షరాల్లో తప్పుండదనే ధీమాతో ఉంటారు. అయినా ముద్రారాక్షసాలు తప్పించుకునేవి, మర్నాడు తప్పొప్పుల పట్టిక వేసేవాళ్లం. మీకు చిన్నప్పుడు ఎవరో డిక్టేషన్ బాగా చెప్పించి ఉంటారు, లేదా పుస్తకాలు బాగా చదివి ఉంటారు. మీ కన్ను ఆగడానికి అది చాలు.

బాధ సంగతికి వస్తే, అది కొంతవరకు ఒంట్లోనే ఉంది. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో డాగ్మార్ దివ్యాక్, ఆమె సహచరులు 41 మంది ఇంగ్లీషు మాతృభాషీయులకు కొన్ని మాటలు వినిపించి గుండె లయను కొలిచారు. 2023లో ఆ ఫలితాలు ప్రచురించారు. గుండె చప్పుళ్ల మధ్య వ్యవధి సహజంగా కొద్దికొద్దిగా మారుతూ ఉంటుంది. ఒత్తిడిలో ఆ మార్పు తగ్గుతుంది. వ్యాకరణ దోషాలున్న మాటలు విన్నప్పుడు వాళ్లలో జరిగింది అదే, దోషాలు పెరిగినకొద్దీ ఇంకా తగ్గింది. అంటే మాతృభాష మీద పట్టున్న మనిషికి తప్పు తగిలినప్పుడు కలిగే చిన్న ఉలికిపాటు మామూలు విషయమే. ఆ ఉలికిపాటు ఒక్క క్షణంది. రోజంతా సాగేది మాత్రం దాని మీద మనం కట్టుకునే కథ: వీళ్లకు భాషంటే లెక్కలేదు, నన్ను గౌరవించరు, ఎవరికీ ఏదీ పట్టదు. ఆ కథే మిమ్మల్ని అలిసిపోయేలా చేస్తోంది.

ఆ కథ ఎంత నిజమో చూడాలంటే తెలుగులో తప్పులు ఎందుకొస్తాయో తెలియాలి. ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నిర్లక్ష్యం అని మనం అనేదానిలో పెద్ద భాగం నిర్లక్ష్యం కాదు.

అచ్చ తెలుగు మాటల్లో ఒత్తు పలికే హల్లులు దాదాపు లేవు. ఖ, ఘ, థ, ధ, భ వంటివి ప్రధానంగా సంస్కృతం నుంచి వచ్చిన మాటలతో వచ్చాయి. ఇంట్లో, వీధిలో మనం మాట్లాడేటప్పుడు చాలామంది నోట ఆ తేడా వినబడదు. ‘బాధ’ అన్నా ‘భాద’ అన్నా వినేవాడికి ఒకటే. చెవి సాయం చేయదు కాబట్టి ఒత్తు ఎక్కడుందో కంటితో గుర్తుపెట్టుకోవాలి. గుర్తులేనివాళ్లు ఒత్తు ఉందని మాత్రం తెలిసి ఎక్కడో ఒకచోట పెట్టేస్తారు. ‘విధ్యార్థి’, ‘ఉద్ధేశం’, ‘ధన్యవాధాలు’, ‘హార్థిక’ అన్నీ ఇలా పుట్టినవే. ఇవి శ్రద్ధ లేక వచ్చిన తప్పులు కావు, అతిశ్రద్ధతో వచ్చినవి. ‘చిహ్నం’, ‘బ్రాహ్మణ’ లాంటి చోట్ల హకారాన్ని ముందు పలికేవారు అరుదు, అందుకే ‘చిన్హం’ అని రాస్తారు. ‘కృషి’ని కొందరు క్రిషి అంటారు, కొందరు క్రుషి అంటారు, రాతలోనూ అదే దిగుతుంది.

దీనికి ఫోను తోడైంది. తెలుగును రోమన్ అక్షరాలతో టైపు చేసేవారు చాలామంది. పేర్లు రాసేటప్పుడు ‘త’కు ‘టి’ పక్కన ‘హెచ్’ పెట్టడం మనకు అలవాటు. కొన్ని టైపింగ్ పద్ధతుల్లో ఆ జంటకు ‘త’ వస్తుంది, కొన్నిటిలో ‘థ’ వస్తుంది. ‘ప్రస్థుతం’ ఎక్కడి నుంచి ఊడిపడిందో ఇప్పుడు అర్థమవుతుంది. విసర్గ ఎక్కడుందో తెలియక కోలన్ కొట్టి ‘పున:ప్రారంభం’ అని రాస్తారు. కీబోర్డు చూపించిన మొదటి మాటనే ముట్టుకుని పంపేస్తారు. గొంతుతో చెప్పి టైపు చేయించేవారి సందేశంలో తప్పు ఫోనుది, మాట పడేది మనిషికి. మీ మేనత్త వయసు వాళ్లు నలభై యాభై ఏళ్లు కాగితం మీద రాసి, ఇప్పుడు గాజు మీద రాస్తున్నారని మరిచిపోకండి. అక్షరాలతో పుట్టుకతో ఇబ్బంది పడేవారూ ఉంటారు. డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించింది. చిన్నప్పుడు ఎవరూ గుర్తించక, మొద్దు అనిపించుకుంటూనే పెద్దవాళ్లయినవారు మన కుటుంబాల్లో తక్కువేమీ కాదు.

ఇంకొకటి, మీరు తప్పు అనుకునేవన్నీ తప్పులేనా? నేనైతే ఒక వారం పాటు మీకు చిరాకు తెప్పించిన మాటలన్నీ ఒకచోట రాసుకోమంటాను. తర్వాత ఆంధ్రభారతి అనే వెబ్‌సైటులోని నిఘంటు శోధనలో ఒక్కొక్కటీ వెతకండి. ‘పెళ్లి’, ‘పెళ్ళి’ రెండూ వాడుకలో ఉన్నవే. ‘రాయడం’ చూసి ‘వ్రాయడం’ అనాలని పట్టుబట్టేవారు ఉన్నారు, పత్రికలు ఏనాడో ఆ వకారాన్ని వదిలేశాయి. ‘కథ’ సరైనదే, కానీ ‘కధ’, ‘ప్రాధమిక’, ‘విద్యార్ధి’ అని అచ్చైన పాత పుస్తకాలు కొల్లలు. ‘అర్థం’ అంటే భావం, ‘అర్ధం’ అంటే సగం అని ఇప్పుడు కచ్చితంగా పాటిస్తున్నాం, మంచిదే. మరోపక్క ‘వాఁడు’లో అరసున్న, ‘గుఱ్ఱము’లో బండి ర లేకపోతే ఒకప్పుడు అది ఘోరమైన తప్పు. ఈ రోజు మీ సందేశం ఆనాటి పండితుడు చూస్తే ఎర్ర సిరా సీసా ఖాళీ చేస్తాడు.

ఆ పండితులతో తలపడినవారే గిడుగు వెంకట రామమూర్తి. 1863 ఆగస్టు 29న పుట్టారు, ఆ తేదీనే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. శిష్టవ్యవహారంలో, అంటే చదువుకున్నవారి మాటల్లో ఉన్న భాషనే రాతలోనూ వాడాలని ఆయన వాదన. అందుకు ఆయన ఎంచుకున్న ఆయుధం నాకు భలే ఇష్టం: గ్రాంథికమే రాయాలని పట్టుబట్టే పండితుల రచనల్నే తెచ్చి, వాళ్లు నమ్మే వ్యాకరణం ప్రకారమే అందులోని దోషాలు ఏరి చూపించారు. మీకే సాధ్యంకాని నియమాన్ని బడిపిల్లల మీద ఎలా రుద్దుతారని అడిగారు. తప్పులు పట్టే చూపు ఆయనకు మనందరికంటే పదింతలు ఉంది. దాన్ని చదువురాని పిల్లవాడి మీదకు తిప్పలేదు.

ఇక మీ మేనత్త. మొహమాటం లేకుండా చెబుతాను: ఆవిడ రాసింది తప్పే, మీరు చేసింది అంతకంటే పెద్ద తప్పు. నలుగురిలో అక్షరం దిద్దడమంటే మన సమాజంలో అక్షరంతో ఆగదు. ‘శ’ను ‘స’ అన్నందుకు, ‘ళ’ను ‘ల’ అన్నందుకు, ఒత్తులు పలకనందుకు మనుషుల్ని వెక్కిరించిన చరిత్ర మనకు దండిగా ఉంది. ఆ వెక్కిరింత వెనక కులం, ఊరు, చదువు, ఆడపిల్లను ఏ తరగతిలో మానిపించారన్నది కూడా ఉంటాయి. మీ మనసులో అవేవీ లేకపోవచ్చు. ఆవిడకు వినబడింది మాత్రం అదే కావచ్చు. ఆవిడ మానుకున్నది ఒక మాటను కాదు, గ్రూపులో మాట్లాడటాన్నే.

క్షమాపణ సందేశం గ్రూపులో పెట్టకండి, అది రెండోసారి పదిమందికి గుర్తుచేయడమే. ఫోను చేయండి. తప్పుల ప్రసక్తి ఒక్క వాక్యంలో తేల్చేసి, ‘అత్తా, అందరిలో అలా అనకుండా ఉండాల్సింది’ అని, వెంటనే ఆవిడ పెట్టిన ఆ సందేశం దేని గురించో దాని గురించి మాట్లాడండి. పుట్టినరోజైతే పుట్టినరోజు గురించి, ఆరోగ్యమైతే ఆరోగ్యం గురించి. తర్వాత ఆవిడ ఎప్పుడు ఏం రాసినా విషయానికే జవాబివ్వండి. ‘ఫోనులో ఒత్తులు ఎలా కొట్టాలి రా’ అని ఆవిడే అడిగే రోజు రావచ్చు, రాకపోవచ్చు. వస్తే పక్కన కూర్చుని నేర్పండి. అమెరికాలో ఉన్న మనవడో మనవరాలో తెలుగులో నాలుగు ముక్కలు రాసి పంపినప్పుడు కూడా ఇదే పాటించండి. నేర్చుకుంటున్న పిల్లలకు పది తప్పులు ఒకేసారి చూపిస్తే మరుసటి ఉత్తరం ఇంగ్లీషులో వస్తుంది.

అలాగని ఎక్కడా దిద్దవద్దని కాదు. పాఠ్యపుస్తకం, ప్రశ్నపత్రం, మందు చీటీ, ఆస్తి దస్తావేజు, ప్రభుత్వ ప్రకటన, ఊరి పేరున్న బోర్డు, వీటిలో తప్పుంటే ఊరుకోకూడదు. దస్తావేజులో ఇంటిపేరు ఒక్క అక్షరం మారితే ఆఫీసుల చుట్టూ తిరగాలి. పత్రికల్లో తప్పు చూస్తే సంపాదకుడికి పేజీ సంఖ్యతో సహా ఉత్తరం రాయండి. డెస్కులో అలాంటి ఉత్తరాలకు విలువ ఉంటుంది, వ్యంగ్యం లేకుండా రాస్తే ఇంకా ఎక్కువ. పెళ్లి శుభలేఖ ప్రూఫు మీ చేతికిచ్చి చూడమంటే నిర్దయగా దిద్దండి. అచ్చై ఇంటింటికీ పంచాక చూస్తే మాత్రం భోజనం బాగుందని చెప్పి రండి. సంతాప సందేశంలో ‘శ్రద్దాంజలి’ అని ఉంటే అసలు చూడలేదనుకోండి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఇతరుల తప్పులు చూసి విసుగుపడటం జబ్బు కాదు. దానికి ఓసీడీ (వద్దన్నా వెంటాడే ఆలోచనలు, ఆపుకోలేని చేష్టల జబ్బు) అని పేరు పెట్టేసుకోవడం ఈమధ్య ఫ్యాషనైంది. మీరు రాసిన సందేశాన్నే మళ్లీ మళ్లీ చదువుతూ పంపలేకపోవడం, చిన్న తప్పు పోయిందేమోనని నిద్ర పట్టకపోవడం, ఆఫీసు పని ఆగిపోవడం వంటివి ఉంటే మాత్రం మనోవైద్యుణ్ని కలవండి. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్‌కు 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనూ మాట్లాడవచ్చు. మీ ఉత్తరంలో అలాంటి లక్షణాలు నాకు కనబడలేదు.

చివరిది, ఈ చూపుతో ఏం చేయాలి? జీతానికి ప్రూఫ్‌రీడింగ్ ఉద్యోగాలు బాగా తగ్గాయి. చాలా పత్రికల్లో ఆ విభాగమే ఎత్తేసి ఆ భారం సబ్ ఎడిటర్ల మీద వేశారు. చిన్న ప్రచురణకర్తలు, సొంతంగా పుస్తకాలు వేసుకునే రచయితలు పేజీకి ఇంత అని ఇస్తారు. పాత డీటీపీ ఫాంట్ల నుంచి యూనికోడ్‌లోకి మార్చిన ఫైళ్లలో ఒత్తులు చెల్లాచెదురై ఉంటాయి, వాటిని ఓపిగ్గా దిద్దేవారు దొరకడం లేదు. డబ్బు అవసరం లేదనుకుంటే, స్వచ్ఛంద సేవకులు నడిపే ఆన్‌లైన్ గ్రంథాలయం తెలుగు వికీసోర్స్‌లో చేరండి. పాత పుస్తకాల స్కాన్ పేజీ ఒకపక్క, కంప్యూటర్ గుర్తించిన అక్షరాలు మరోపక్క ఉంటాయి. సరిపోల్చి దిద్దితే పేజీ పసుపు రంగులోకి మారుతుంది, ఇంకొకరు మళ్లీ సరిచూస్తే ఆకుపచ్చ అవుతుంది. మొదటి వారం మీకు కష్టంగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ మూలాన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచాలి. వందేళ్ల కిందటి పుస్తకంలో ‘కధ’ అని అచ్చై ఉంటే మీరూ ‘కధ’ అనే కొట్టాలి. అరసున్నలూ బండి రలూ ఒక్కటి కూడా జారిపోకూడదు.